అడుగు సరుకు

గుంటూరు మిర్చియార్డులో వ్యాపారం చేసే సుభానీ గారు టిక్కీ బస్తాలో పైన కనపడే కాయను ఏనాడూ నమ్మలేదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు కాయను లాగి, తొడిమ విరిచి, చెవి దగ్గర గలగలలాడించి, ఒక తుమ్ము తుమ్మితే గానీ ధర చెప్పరు. అక్వేరియంలో తను పెంచుకుంటున్న చిట్టి చేపల మధ్యకి కొట్టొచ్చినట్టు కనపడే ఎర్ర చేప ఒకటి కావాలని భార్య జమీలా అడిగితే, చేపల కొట్టుకీ అదే పద్ధతిలో వెళ్లారు. కొట్టతను నీళ్లపైన నిప్పుకణికలా తిరుగుతున్న చేపను చూపించాడు. "పైన పోసిన సరుకు నాకొద్దయ్యా, అడుగున ఏముందో చూపించు." మూల తొట్టి అడుగున, కుండపెంకు వెనక నల్లగా ముడుచుకుని ఒకటుంది. "అది వద్దండీ, నలుగురితో కలవదు." సుభానీ గారి కళ్లు మెరిశాయి. అమ్మేవాడు వద్దంటున్నాడంటే ఇంకెవరికో దాచిపెట్టిన సరుకన్నమాటే! పట్టుబట్టి తెచ్చారు.

వారం తిరిగేసరికి అది పండుమిరపకాయలా ఎర్రబడింది, బాగా బలిసింది కూడా. "మరి నా చేపలేవండీ?" అంది జమీలా. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, తొట్టి నాలుగు మూలలూ వెతికి, గొంతు సవరించుకున్నారు.

"కొట్టొచ్చినట్టు కనపడాలన్నావుగా! ఇంక అదొక్కటేగా కనపడేది."