వేపచెట్టుకు పోసిన కుండ

మొన్న ఎండల్లో ప్రొద్దుటూరు బస్టాండులో దిగితే, షామియానా కింద నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు, వాటి వెనక దాతల ఫోటోలు, గొలుసుతో కట్టేసిన స్టీలు గ్లాసు కనిపించాయి. నీళ్లు చల్లగానే ఉన్నాయి, పోసే మనిషే లేడు. తాగి గ్లాసు బోర్లించాక, కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో జమ్మలమడుగు రోడ్డు పక్కన, జొన్నచొప్ప పందిరి కింద నేను గడిపిన వేసవి గుర్తుకొచ్చింది. గడిపాననడం కంటే చిక్కుకుపోయాననడం న్యాయం.

ఎస్సెస్సెల్సీ నేను మొదటిసారి తప్పాను. మా జేజి, అంటే మా నాయన తల్లి, బ్రహ్మంగారిమఠానికి పోయి, మనవడు గట్టెక్కితే ఒక ఎండాకాలమంతా వాడి చేతులతోనే బాటసారులకు నీళ్లు పోయిస్తానని మొక్కుకుంది. నన్నొక్క మాట అడగలేదు. రెండోసారి గట్టెక్కాను, ఎండాకాలం వచ్చింది, నన్ను చలివేంద్రంలో కూర్చోబెట్టారు. దప్పిగొన్నవాడి దోసిట్లో పోసిన నీళ్లు నేరుగా సామికి చేరతాయని ఆమె నమ్మకం. అందుకే ఒక కట్టడి కూడా పెట్టింది: రోజుకు రెండు కుండలు, ఆ రెండూ మనుషులు తాగి ఖాళీ చేసేదాకా నేను లేవకూడదు, నా బదులు ఇంకొకరు కూర్చోకూడదు. ఆ నీళ్ల కోసం మా మేనత్త తెల్లవారకముందే ఎండిన పెన్నలో దిగి, ఇసుకలో చెలమ తీసి, ఊరే నీటిని ముంతతో ఎత్తి బిందెలు నింపి మోసుకొచ్చేది. వడగాలి, ఈగలు, తెల్లగా మెరిసే ఖాళీ రోడ్డు. అన్ని ఊళ్లకూ పోయే బస్సులు నా ముందునుంచే పోతుంటే, పందిరి గుంజకు కట్టేసిన గొడ్డులా చూస్తూ కూర్చునేవాణ్ణి. నాకున్న తోడల్లా పందిరి పక్కనున్న వేపచెట్టు కింద పరుపుల దూది ఏకే మామ ఒక్కడే. ఎండాకాలానికి ఎక్కణ్ణుంచో వచ్చేవాడు, దూది కొట్టే విల్లు మోగిస్తూ పొద్దంతా పనిచేసేవాడు.

అంతలో ప్రొద్దుటూరు నుంచి కార్డు వచ్చింది. అక్కడ ఒక దినపత్రికకు వార్తలు పంపే మా దూరపు చిన్నాయన రాశాడు: పులివెందులకు విలేఖరి కావాలట, మద్రాసు నుంచి మనిషి వస్తున్నాడు, గురువారం సాయంత్రం నాలుగింటికల్లా వచ్చి కనబడు, తప్పితే ఇంకొకరికి పోతుంది. ఊళ్లో గుమాస్తా పని కూడా దొరకని నాకు అది దేవుడిచ్చిన దారి. జేజిని బతిమాలితే, “కుండలయిపోతే పో నాయనా, నేనేమన్నా కట్టేసినానా?” అంది.

ఆ గురువారం రోడ్డు మీద పురుగు లేదు. బస్సు రెండింటికి. ఒంటిగంట దాటినా ఒక కుండ మెడదాకా నిండుగా ఉంది. కడుపు పట్టినన్ని నేనే తాగాను. అటూ ఇటూ చూశాను. ఆ కుండ ఎత్తి వేపచెట్టు మొదట్లో వంచేశాను. వెనక విల్లు చప్పుడు ఆగిపోయింది.

“ఏందప్పా, చెట్టుకు శానా దప్పికైనాదా?” అన్నాడు మామ.

నేను చొక్కా దులుపుకుంటుండగానే నిండు చూలాలిని చెయ్యి పట్టి నడిపించుకుంటూ ఒకాయన వచ్చాడు. ఏదో పల్లె నుంచి ఆస్పత్రికి నడిచొస్తున్నారు. ఆమె పందిరి కింద చతికిలబడి, మాట్లాడే ఓపిక లేక, దోసిలి నోటి దగ్గర పెట్టుకుంది. నేను ఖాళీ కుండ పట్టుకుని నిలబడ్డాను. ఆ దోసిలి అట్లాగే ఉంది.

“పందిరి జూసి ఆశతో వచ్చినామే! నీళ్లు లేనప్పుడు ఈ పందిరి ఎవురికప్పా?” అన్నాడు ఆమె మొగుడు.

మామ తను తాగే నీళ్ల కుండ తెచ్చి ఆమె దోసిట్లో వంచాడు, మొహాన చల్లాడు, మిగిలింది ఆయనకు పోశాడు. తనకు చుక్క మిగుల్చుకోలేదు. బస్సు హారన్ వినబడింది. నా చేతిలోని కుండ లాక్కుని, “పో, బస్సు పోతాది. ఈడ నేను కూకుంటాలే,” అని మామ వీపు మీద చరిచాడు. సిగ్గు లేకుండా ఎక్కాను. కిటికీలోంచి చూస్తే, రెండు కుండలూ పట్టుకుని ఆ ఎండలో పెన్న వైపు దిగిపోతున్నాడు.

ఉద్యోగం నాకే వచ్చింది, తొలకరికి చేరమన్నారు. పొద్దు గుంకేవేళకు తిరిగొస్తే జేజి ఎదురొచ్చి నా బుగ్గలు నిమిరింది. “చూలాలికి నీళ్లు పోసినావంట గదరా! మామ చెప్పినాడు. సామికే పోసినావు పో!” అంది. నిజం చెప్పేస్తానని మామ దగ్గరికి పోతే, దూది దులుపుకుంటూ అన్నాడు: “చెప్తే నీ బరువు దిగుతాది, ముసలామెకెక్కుతాది. మూసుకోని రేప్పొద్దున నీళ్లు పొయ్యి.”

మిగిలిన రోజులన్నీ పోశాను. ఎవరు దోసిలి పట్టినా ఆమె దోసిలే కనిపించేది. జేజి పోయేదాకా వచ్చినవాళ్లందరికీ ఆ ముచ్చట చెప్పింది, నేను ప్రతిసారీ తల వంచుకుని విన్నాను. నా వినయం చూసి మరింత మెచ్చుకునేవాళ్లు.

ఆ తర్వాత పులివెందులలో ఎన్ని చలివేంద్రాల ప్రారంభోత్సవాలు రాశానో! రిబ్బను కత్తిరించినవారి పేరు, దాతల పేర్లు, వరస తప్పకుండా. ఇప్పుడు ఆ పేర్లు పందిరి కంటే పెద్దవయ్యాయి. మామ మరుసటేడు రాలేదు. సెలవు దొరికినప్పుడల్లా ప్రొద్దుటూరు సందుల్లో దూది ఏకేవాళ్లను అడిగాను. ఎవరి గురించని వాళ్లడిగితే చెప్పలేకపోయాను. ఊరూరా తిరిగి ముక్కూమొహం తెలియనివాళ్ల పేర్లు రాసుకొచ్చిన నేను, ఆయన్ను మామా అని పిలిచానే తప్ప, పేరు అడగలేదు.