కరెంటు ఒంట్లో నిలవదు

మొన్న వాన పడుతున్న పొద్దున తడిచేత్తో ఫ్రిజ్ తలుపు తాకగానే వేళ్లు జివ్వుమన్నాయి. మా మనవడు నవ్వి, చెప్పులేసుకుంటే ఏమీ కాదన్నాడు. వాడికేం తెలుసు! నా చెవుల్లో మాత్రం రూతమ్మ టీచరు గొంతు ఖంగుమంది.

చిలకలగూడలో మా పక్కిల్లు ఆవిడది. పుట్టింది గుంటూరు వైపు, సికింద్రాబాద్‌లో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేది. ఏదున్నా మొహం మీదే అనేసే మనిషి. మా ఇంటికి కరెంటు వచ్చిన రోజు పిలవకుండానే వచ్చి, నన్నూ మా అన్న యూసుఫ్ భయ్యానూ మెయిన్ స్విచ్ ముందు నిలబెట్టి పాఠం చెప్పింది. కరెంటు తగిలితే పిడికిలి దానంతటదే బిగుసుకుంటుందట, వదిలేద్దామన్నా చెయ్యి మన మాట వినదట. అలా పట్టుకుపోయినవాణ్ని ముట్టుకోకూడదు, ముందు మెయిన్ ఆపాలి. మా భయ్యా దర్జీ. అంతా బుద్ధిగా విన్నాడు. విని, వెనక వసారాలో బల్బు తీగకు ఆనించి పెరట్లోకి బట్టలారేసే ఇనప తీగ కట్టాడు. నేను వద్దంటే వింటాడా!

నలభై ఎనిమిదిలో నిజాం మీదికి సైన్యం వచ్చిన పోలీస్ యాక్షన్ కొత్తల్లో మా సందులో మాతో సహా ముస్లింల ఇళ్లన్నీ తలుపులు బిగించుకున్నాయి. డాక్టరు కోసం బయటికి పోవాలన్నా భయమే. ఆ రోజుల్లోనే ఓ మధ్యాహ్నం వాన మొదలైతే, బట్టలు తీయబోయిన భయ్యా ఆ తీగ పట్టుకుని కొయ్యబారిపోయాడు. నేను అరుస్తూ వెళ్లి మెయిన్ ఆపాను. దబ్బున పడ్డాడు. ఊపిరి లేదు.

షాకు కొట్టినవాణ్ని మెడదాకా మట్టిలో పాతితే భూమి కరెంటును లాగేస్తుందని అప్పట్లో అందరి నమ్మకం. పరిగెత్తుకొచ్చిన ఇరుగుపొరుగు చేత అమ్మీ పెరట్లో గొయ్యి తవ్వించడం మొదలుపెట్టింది. ఇంతలో రూతమ్మ టీచరు వచ్చి భయ్యాను బోర్లా పడుకోబెట్టి, తల పక్కకు తిప్పింది. అమ్మీ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"జెర జరుగు టీచరమ్మా, నా కొడుకు పోతున్నడు."

"కరెంటు ఒంట్లో నిలవదమ్మా, అది పోయింది. రావాల్సింది ఊపిరి. మట్టిలో పాతితే ఛాతీ ఎట్లా కదులుద్ది?"

ఇద్దరూ నా వైపు చూశారు. కన్నతల్లి ఒక పక్క, పాఠం ఒక పక్క. నేను అమ్మీని గట్టిగా వాటేసుకుని వెనక్కి లాగాను. టీచరు అప్పటి ప్రథమ చికిత్స పద్ధతిలో రెండు చేతులూ భయ్యా వీపు మీద ఆనించి ముందుకు వంగి ఒత్తింది, వదిలింది, మళ్లీ ఒత్తింది. అలిసిపోయాక తన చోట నన్ను కూర్చోబెట్టింది.

"ఒత్తు. ఆపకు" అంది.

పెరట్లో పార చప్పుడు ఆగలేదు. గొయ్యి నడుము లోతుకు వచ్చింది. నాకు ఏడుపొచ్చినా చేతులు ఆపలేదు. ఉన్నట్టుండి భయ్యా దగ్గాడు. కాసేపటికి కళ్లు తెరిచి, "బట్టలు తడుస్తున్నయ్" అన్నాడు. టీచరు అక్కడే కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ గొయ్యిని మాత్రం అమ్మీ ఎవర్నీ ముట్టనివ్వలేదు. వానలో కూర్చుని తన చేతులతోనే పూడ్చింది.

భయ్యా ఆ తర్వాత ముసలివాడయ్యేదాకా బట్టలు కుట్టాడు. నేను కనిపించిన వాళ్లందరికీ ఆ పాఠం చెబుతూనే ఉన్నాను, విసుక్కున్నా సరే. మొన్న కూడా మావాడి నవ్వు ముగిసేదాకా ఆగి, "ముందు మెయిన్ ఆపు" అన్నాను. గొణుక్కుంటూ వెళ్లాడు. ఆ టక్కుమన్న చప్పుడు వినబడేదాకా నేను వంటింటి గుమ్మానికి అడ్డంగానే నిలబడ్డాను.