మాటలు రాని చివరి చరణం

ముత్తియాల్‌పేటలో ఉండే మా మేనమామ పోయిన నెల కన్నుమూశాడు. ఆయన గొంతు వినబడితే పొయ్యి మీదది దించి వాకిట్లోకొచ్చే ఆడవాళ్లు, ఆ ఉదయం ఆ గొంతు లేకుండానే వచ్చి నిలబడ్డారు.

పగలు ఫ్రెంచి దొరల మిల్లులో నూలు తూకాలు వాళ్ల భాషలోనే రాసేవాడు. సాయంత్రం సముద్రం ఒడ్డున నడిచి ఇల్లు చేరేవాడు. మన పెద్దలు తెలుగు నేల విడిచి ఈ అరవ తీరానికొచ్చిన కథను పాటగా కట్టాడు గానీ, కాగితం మీద పెట్టలేదు. ఒక్కో చరణం ఒక్కో ఇంటికి నేర్పాడు. అది ఆ ఇంటిదే.

"రాస్తే చదివేదెవురు మే? మన వీధిలో తెలుగు అక్షరం వచ్చినోళ్లు యాడుండారు? నోట్లో పెడితే పిల్లకాయలకి అందతాది" అనేవాడు.

పప్పులు, చింతపండు వేటి డబ్బాలో వాటిని సర్దుకునేదాన్ని నేను. పాటను అలా ఇంటింటికీ చెదరగొట్టడం నాకు నచ్చేది కాదు.

"ఉప్పు తెమ్మంటే పాట తెచ్చినాడు. చారులో వేసేదా దీన్ని?" అని అత్త దెప్పేది.

"ఏసి చూడు. సముద్రం కాడ్నుంచే తెచ్చినా, ఉప్పగానే ఉంటాది."

అన్నిటికీ నవ్వేవాడు, పాట కట్టడం గురించి మాత్రం నవ్వేవాడు కాదు. అది తనకు అప్పగించిన పని అని నమ్మాడు.

ఇక్కడికి చేరాక మనం ఏమయ్యామన్నది చివరి చరణం. దాన్ని మా ఇంటికి ఉంచాడు. కిందటి వానాకాలం మా అరుగు మీద కూర్చుని వరస మాత్రం నేర్పాడు.

"మాటలేవి మామా?"

"ఇంకా రాలా. తొందరపడి పెట్టేస్తే అది నా ఒక్కడి మాటయిపోతాది. వస్తే తెచ్చిస్తాలే."

తర్వాత ఉబ్బసం ఆయన్ని మంచానికి కట్టేసింది. సముద్రం దాకా నడవలేకపోయాడు. చూడటానికి వెళ్తే, మాటల గురించి నేను అడగకముందే తల అడ్డంగా ఊపేవాడు.

కర్మ రోజున ఆడవాళ్లు ఎవరి చరణం వారు అందుకున్నారు. పాటలో బండ్లు కదిలాయి, ఏరు దాటాయి, సముద్రం కనబడింది. ఆ చరణాలను ఒకదాని వెనక ఒకటి వినడం నాకదే మొదలు. చివరికి అందరూ నా వైపు తిరిగారు. ఏవో మాటలు అతకడానికి మనసొప్పలేదు. ఉత్త వరసే తీశాను. ఎన్నడూ పాడని అత్త గొంతు కలిపింది.

ఇప్పుడు సముద్రపు గాలి తిరిగే వేళకు అరుగు ఊడ్చి, ఆయన కూర్చునే చోట చాప పరుస్తున్నాను. వీధి మలుపులో చెప్పుల చప్పుడైతే చీపురు చేతిలోనే ఆగిపోతుంది.