గాలి ఇంజనూ, నాన్న చేసిన రేకుపెట్టే

ఆ రోజుల్లో నాకు ఇంజన్లంటే ఎంత ప్రేమో నాన్నంటే అంత భయం. రెండూ ఎదురుపడితే ఏది గెలుస్తుందో నాకే తెలిసేది కాదు. వయసు ఇరవై రెండు. చేతిలో మెకానికల్ డిప్లొమా, మూతి మీద ఉందా లేదా అన్నట్టు మీసం, పని మాత్రం సున్నా. మేముండేది బస్తర్‌లో, కిరందుల్ గనుల టౌన్‌షిప్ క్వార్టర్లలో. నాన్న కుర్రతనంలోనే శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి వచ్చి, ఇనుపరాయి మోసే డంపర్ల వర్క్‌షాప్‌లో మెకానిక్‌గా చేరిపోయాడు. ఇల్లంత ఎత్తున్న డంపర్ పక్కన నిలబడి, కళ్లు మూసుకుని కాసేపు విని, దాని రోగమేమిటో చెప్పేసేవాడు. అందుకని టౌన్‌షిప్ అంతా నాన్నని డంపర్ డాక్టర్ అని పిలిచేది. (అమ్మకి మాత్రం ఆ బిరుదు మీద గురి లేదు. మిక్సీ ఆగిపోతే నాన్నకి చెప్పకుండా బజారుకి పట్టుకెళ్లి బాగుచేయించుకొచ్చేది.)

అంతటి డాక్టరు కోరికల్లా ఒక్కటే, కొడుకు గ్రీజు అంటకుండా ఫ్యాను కింద కుర్చీలో కూర్చోవాలని. గుమాస్తా ఉద్యోగాల పరీక్షకి ఫారం తెచ్చి టీవీ మీద పెట్టాడు. నాకేమో మెకానిక్‌ని కావాలని. ఆ సంగతి నాన్నకి నేరుగా చెప్పే ఆచారం మా ఇంట్లో లేదు, నా అర్జీలన్నీ వంటింటి గుండానే వెళ్లేవి. అమ్మ చెప్పింది. నాన్న అన్నం కలుపుతూ, పక్కనే కూర్చున్న నన్ను వదిలేసి అమ్మతోనే అన్నాడు: "అలగైతే సొంతంగా ఒక బండి కట్టమను. ఇశ్వకర్మ పూజనాడు, హారతి ఇచ్చే లోపున, నన్ను దానిమీద ఎక్కించుకుని వర్క్‌షాప్ గేటు కాడికి తీసుకెళ్లమను. తీసుకెళ్లినాడంటే ఆ ఫారం నేనే సింపేస్తాను. నేదంటే నోరు మూసుకుని పరీక్ష రాయమను." అమ్మ నా వైపు తిరిగి, "ఇన్నావు కదరా" అంది. విన్నాననే చెప్పాను.

విశ్వకర్మ పూజంటే కిరందుల్‌లో అన్ని పండగల్లోకీ పెద్దది. ఆ రోజు వర్క్‌షాప్‌లో పని బందు. స్పానర్లు, సుత్తులు, జాకీలు అన్నీ కడిగి, బొట్లు పెట్టి, దేవుడి ముందు వరసగా పేరుస్తారు. మర్నాటి దాకా ఎవరూ ఒక్క పనిముట్టు కూడా ముట్టకూడదు. ఏడాది పొడుగునా పిల్లాజెల్లాని లోపలికి రానివ్వని గేటు ఆ ఒక్కరోజు బార్లా తెరుచుకుంటుంది. అంతమంది ముందు నాన్నని నా బండి మీద దించాలి. పూజకి ఇంకా నాలుగు నెలలుంది.

పాత ఇనుపగొట్టాలు వెల్డింగ్ చేసి ఫ్రేము, విరిగిన రెండు వ్యాను సీట్లు, మూడు రకాల బళ్లవి నాలుగు చక్రాలు, ఒక సామాన్ల ఆటో గేర్‌బాక్సు సంపాదించి రెండు నెలల్లో బండి ఆకారం తెచ్చాను. నేను దానికి మంచి ఇంగ్లీషు పేరు పెట్టుకున్నాను గాని కాలనీ వాళ్లు చూడగానే "మంచం" అన్నారు, ఇక ఆ పేరే స్థిరపడిపోయింది. మంచానికి ఇంజన్ కావాలి. మా బస్తర్‌లోనే బీజాపూర్ అవతల, తెలుగు మాట్లాడే మద్దేడ్‌లో రోడ్డు పక్కన షెడ్డు వేసుకుని, పొలాల మోటార్లూ ఆటోలూ బాగుచేసే ఒక ఉస్తాద్ దగ్గర పాత ఆటో ఇంజన్ పడి ఉందని తెలిసి వెళ్లాను. ఒకటే సిలిండరు, డీజిలు, తాడు చుట్టి లాగితే స్టార్టయ్యే రకం. దాని మీద కోడి గుడ్లు పెడుతోంది. "ఏంది పిలగా, గట్ల సూస్తున్నవ్? కోడి లేస్తది, ఇంజన్ నీదే. గని ఈడ్నే కూసొని నీ చేత్తోని నువ్వే కట్టుకోవాలె" అన్నాడు ఉస్తాద్. కోడి లేచేదాకా ఆగి, ఇంజన్ విప్పడం మొదలుపెట్టాను.

మద్దేడ్‌లో పద్దెనిమిది రోజులున్నాను. ఆ ఇంజన్‌కి నీళ్లు లేవు, రేడియేటర్ లేదు. సిలిండరు చుట్టూ పళ్లెంలో అప్పడాలు నిలబెట్టినట్టు పల్చటి ఇనుపరెక్కలు, వాటి మధ్య నుంచి గాలి ఊదడానికి ఫ్యాను, అంతే. రెక్కల సందుల్లో గట్టిపడ్డ మట్టిని కిరసనాయిలు పోసి గోకడానికే మూడు రోజులు పట్టింది. సిలిండరు లోపల అరిగిపోయిందంటే లేత్ మిషను మీద సరిచేయించడానికి తువ్వాలులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బీజాపూర్ బస్సెక్కాను. పక్కనున్న ముసలమ్మ చాలాసేపు ముచ్చటగా చూసి, తువ్వాలు కొంచెం తప్పించి, ఉలిక్కిపడి, "అయ్యో, గిదేంది బిడ్డా!" అంది. తర్వాత మజిలీ దాకా నాతో మాట్లాడలేదు.

మొదటిసారి ఇంజన్ బిగించాక ఒక వాషర్ మిగిలింది. ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాను. ఉస్తాద్ బీడీ ముట్టించుకుంటూ, "జేబుల ఏందది?" అన్నాడు. మొత్తం విప్పాను. రెండోసారి ఏమీ మిగల్లేదు గాని, పిస్టన్ రింగుల గ్యాపులన్నీ ఒకే వరసలో పెట్టేశానట, లోపలి ఒత్తిడంతా ఆ సందులోంచి జారిపోయి ఎంత లాగినా దగ్గడం తప్ప పలకలేదు. మళ్లీ విప్పాను. మూడోసారి తాడు లాగేసరికి ఇంజన్ డబడబమని అందుకుంది. షెడ్డులో కోళ్లన్నీ బయటికి పరుగెత్తాయి. నేను ఎగిరి గంతేశాను, అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయంటే ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఉస్తాద్ ఇంజన్ ఆపి, నా భుజం మీద చెయ్యేసి, "ఒక్క ముచ్చట యాదిపెట్టుకో. గీనికి గాలే నీళ్లు. గాలి తలిగితెనే బతుకుతది. ఎవ్వడేం జెప్పినా గాలి బంద్ చెయ్యకు" అన్నాడు. అలాగేనన్నాను.

ఇక్కడ మీకు కిరందుల్ దుమ్ము సంగతి చెప్పాలి. ఇనుపరాయి దుమ్ము, ఎర్రగా, పౌడరులా ఉంటుంది. తలుపులు మూసినా వస్తుంది. అందుకే మా ఊళ్లో పుట్టినవాడికి మొట్టమొదట వచ్చే విద్య మూతలు పెట్టడం. టీవీకి గలేబు, ఫ్రిజ్‌కి గలేబు, స్కూటరుకి అమ్మ పాత చీర, ఊరగాయ జాడీకి మూడు గుడ్డలు. ఇంజన్ బిగించిన మంచాన్ని చూడ్డానికి నాన్న వచ్చాడు. రెండుసార్లు చుట్టూ తిరిగాడు. "రేడియేటర్ ఏదిరా?" అన్నాడు. "ఉండదు నాన్నా, గాలితోనే..." అన్నాను. ఇల్లంత డంపర్ల రేడియేటర్లకి బిందెలతో నీళ్లు పోసిన మనిషి, "గాలా!" అని నవ్వాడు. తర్వాత ఆ రెక్కల మీద వేలు రాసి, ఎర్రబడ్డ వేలు చూసుకుని మొహం సీరియస్‌గా పెట్టాడు. "ఈ దుమ్ములో ఇంజన్ని ఇలగ బట్టల్లేకుండా ఒగ్గేసినావేటి? దీనికి నేను రేకుపెట్టి సేస్తాను."

రెండు సాయంత్రాలు కూర్చుని చేశాడు. మంచి రేకు, మూలలు మడతపెట్టి, అంచులకి రబ్బరు కుట్టి, పదహారు స్క్రూలతో బిగించే పెట్టె. పొగగొట్టం, డీజిల్ పైపు పట్టడానికి బొక్కలు. ఇంజన్ పీల్చుకునే గాలికి బయటికొక గొట్టం. రెక్కలకి మాత్రం చీమ దూరే సందు లేదు. ఉస్తాద్ మాట నా చెవిలో గింగురుమంటూనే ఉంది. మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లూ మూశాను. చివరికి అలవాటు ప్రకారం వంటింటికి వెళ్లి అమ్మకి చెప్పాను. "ఒగ్గేయిరా. ఎన్నాళ్లకో మీ నాన్న నీ బండి మీద సెయ్యేసినాడు. సూడు, కూనిరాగం తీస్తన్నాడు" అంది అమ్మ. నిజమే, రేకు మడుస్తూ నాన్న ఏదో పాడుకుంటున్నాడు. నా బండి కోసం నాన్న పాడుకుంటూ పనిచేయడం చూస్తే నాకూ లోపల సంతోషం పొంగింది. దాన్ని పోగొట్టుకోబుద్ధి కాక ఊరుకున్నాను. గేటు దాకా రెండు కిలోమీటర్లే కదా, ఆ మాత్రం వెళ్లదా అని సర్దిచెప్పుకున్నాను.

పూజనాడు నాన్న తెల్లటి మల్లుపంచె కట్టి, ఒళ్లో కొబ్బరికాయా పళ్లూ పెట్టిన పళ్లెం, చేతిలో చెంబెడు నీళ్లతో మంచమెక్కాడు. అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. తాడు లాగాను, మంచం కదిలింది. కాలనీ మొత్తం గుమ్మాల్లోకి వచ్చింది. నాన్న పట్నం కలెక్టరులా తల పంకిస్తూ కూర్చున్నాడు. ఆ మొదటి కిలోమీటరంత గొప్పగా గడిచిన కిలోమీటరు నా జీవితంలో మరోటి లేదు. ఎత్తు రోడ్డు మొదలవగానే మాడిన నూనె వాసన వచ్చింది. ఇంజన్ ఆయాసపడింది, మూలిగింది, గేటు కనపడుతుండగా కీచుమని బిగుసుకుపోయింది. అవతల నుంచి మేళాలు వినపడుతున్నాయి.

పెట్టె విప్పాలి. పనిముట్లన్నీ దేవుడి ముందున్నాయి. ఇంట్లో ఉన్న ఒక్క స్క్రూడ్రైవరు కూడా నాన్న ముందురోజే పూజకి పంపేశాడు. పళ్లెంలో దక్షిణకి పెట్టిన రూపాయి బిళ్ల తీసి, దానితో పదహారు స్క్రూలూ తనే విప్పాడు. మూత తియ్యగానే పొయ్యిలోంచి కొట్టినట్టు వేడి కొట్టింది. నాన్న ఆ రెక్కల వంక, తన పెట్టె వంక మార్చి మార్చి చూశాడు.

"గాలికి సల్లబడే ఇంజన్ కదరా ఇది" అన్నాడు నెమ్మదిగా.

"ఔను నాన్నా."

"పెట్టి పెడితే ఇలగవుద్దని నీకు తెల్సా?"

"తెలుసు. ఉస్తాద్ చెప్పాడు."

"మరి నాకు సెప్పినావు కాదేం?"

"నువ్వు చేస్తున్నావని..." అన్నాను.

"ఇంజన్‌కి నోరు నేదు. దాని తరపున మాటాడాల్సినోడివి నువ్వు. నాన్నకి బయపడి ఇంజన్ని సంపేసినోడు మెకానిక్ ఎలగవుతాడ్రా?" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ మాటతో నా పని అయిపోయిందనుకున్నాను. టీవీ మీదున్న ఫారం కళ్ల ముందు కదిలింది.

ఇంతలో గేటు లోపల గంట మోగింది. హారతికి వేళవుతోంది. నాన్నలో ఏళ్లనాటి డంపర్ అలవాటు మేలుకుందో ఏమో, ఉడికిపోతున్న ఇంజన్ని చూసి చెంబెత్తి నీళ్లు పోయబోయాడు. నాకేమైందో తెలియదు. "వద్దు!" అని అరిచాను. "కాలిపోతున్న ఇనుము మీద నీళ్లు పోస్తే పగిలిపోద్ది నాన్నా! పోయనివ్వను!" అంటూ చేతిలో చెంబు లాగేసుకున్నాను. సగం నీళ్లు ఆ మల్లుపంచె మీద పడ్డాయి. పంచె తడిసిన నాన్న, చెంబు పట్టుకున్న నేను ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డాం. కాళ్లు వణుకుతున్నాయి, చెంబు మాత్రం వదల్లేదు.

"అలగైతే ఏటి సెయ్యాలంటావు?" అన్నాడు నాన్న. నన్ను ఆయన సలహా అడగడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"కూర్చోవాలి. దానంతటది చల్లారాలి."

కూర్చున్నాం. పూజకి వెళ్లేవాళ్లు ఆగి, "క్యా హువా డాక్టర్ సాబ్?" అంటే నాన్న గంభీరంగా, "ఇంజన్ ఠండా హో రహా హై. లడకే నే బోలా హై, బైఠో" అని, ఇంజన్ చల్లారేదాకా కూర్చోమన్నది కొడుకేనని జవాబిచ్చాడు. కాసేపటికి ఉండబట్టలేక, పళ్లెంలో పళ్లన్నీ సీటు మీద పెట్టి, ఆ పళ్లెంతో ఇంజన్‌కి విసరడం మొదలుపెట్టాడు. "గాలే కదా, పర్నేదు కదా?" అని నన్ను అడిగి మరీ విసిరాడు. అలా విసురుతుండగానే లోపల హారతి అయిపోయింది. ఆ తర్వాత ఎంతకో ఇంజన్ చేతికి తిరిగింది. తాడు లాగితే పలికింది కూడా. మేము గేటు చేరేసరికి ప్రసాదం కిచిడీ గిన్నె అడుగు గీకుతున్నారు.

ఇంటికొచ్చాక నాన్న టీవీ మీంచి ఫారం తీశాడు. "పందెం పందెమే. హారతి అయిపోయినాక ఎల్లినాం. నింపు" అని నా ముందు పెట్టాడు. నేను వంటింటి వైపు చూశాను. తర్వాత నాన్న వైపే తిరిగి, "నింపను నాన్నా. నేను మెకానిక్‌నే అవుతాను" అన్నాను. ఈసారి మాట పూర్తిగానే వచ్చింది. నాన్న, "ఇన్నావేటే?" అని అమ్మని కేకేశాడు, "నీ కొడుకు ఇయ్యాల రొండోపాలి నాకు ఎదురు సెప్తన్నాడు!" పెళ్లి కుదిరిందని చెప్పినట్టు చెప్పాడు ఆ మాట. ఫారం చించలేదు. (కాగితం పాడుచేయడం ఆయనకి గిట్టదు.) ఆ పదహారు స్క్రూలూ అందులో పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు.

మెకానిక్‌నే అయ్యాను. ఆ రోజు తెరిచిన నోరు తర్వాత మూతపడలేదు. ఇంజన్ల తరపున ఫోర్‌మన్లతో, ఇంజనీర్లతో, ఒకసారి పెద్ద సాబుతో కూడా వాదించి, రావాల్సిన ప్రమోషన్లు రెండు పోగొట్టుకున్నాను. ఇప్పుడెవరికైనా ఎదురు చెప్పాలంటే నాకు చెమట పట్టదు, కాళ్లు వణకవు. అదేమంత గొప్పేం కాదులెండి. అంతగా వణికించగలిగిన మనిషి పోయి ఆరేళ్లయింది. ఒక్కోసారి వర్క్‌షాప్‌లో ఇంజన్ మీదికి వంగి ఉండగా, నాన్న వెనకాల నిలబడి ఏదైనా ఒక తప్పు సలహా ఇస్తే బాగుండును అనిపిస్తుంది. గట్టిగా కాదంటాను, ఆయన అమ్మని కేకేసి చెప్పుకుంటాడు.