మగ్గం ఆగినప్పుడు

మా పాప చిన్నికి పది నెలలప్పుడు నా భార్య కాశిబుగ్గలో పుట్టింట్లో ఉండేది. మామయ్య నేత పని చేస్తారు. చిన్ని పొద్దంతా మగ్గం గదిలోనే చాప మీద ఆడుకునేది.

ఒక ఆదివారం వెళ్లినప్పుడు, ఆ వయసు పిల్లలు ఏమేం చేయాలో ఫోన్‌లో చూసి ఒక్కొక్కటే పరీక్షించాను. సొంతంగా కూర్చుంది. బొమ్మ అందుకుంది. వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాను, తిరగలేదు. చప్పట్లు కొట్టాను. స్టీలు పళ్లెం మీద గరిటెతో మోగించాను. పాప బొమ్మ చెవి కొరుకుతూనే ఉంది.

"పాపకు వినపడతలేదు, దవాఖానకు పోదాం పా!" అని అరిచాను. నా భార్య ఏడుపు అందుకుంది.

అత్తమ్మ కోప్పడింది. "నోట్లకెల్లి మంచి మాట రానియ్యి అల్లుడా! బంగారమసొంటి పిల్లకు ఏమైంది? జర నిమ్మళంగుండు."

మా గొడవకు మామయ్య మగ్గం ఆపి లేచారు. చప్పుడు ఆగగానే చిన్ని ఉలిక్కిపడి గిరుక్కున మగ్గం వైపు తిరిగింది. నేను మెల్లగా "చిన్నీ" అన్నాను. ఈసారి నన్ను చూసి నవ్వింది.

మరునాడు డాక్టరు పరీక్షించి వినికిడి బాగుందన్నారు. రోజూ మగ్గం టకటకల మధ్యే ఉండి చప్పుళ్లను పట్టించుకోవడం మానేసిందట. మాటలు రావాలంటే మన మాట ఆమెకు స్పష్టంగా వినపడాలన్నారు.

ఇంజనీరునై ఉండి అన్నీ పరీక్షించాను కానీ, పక్కనే మోగుతున్న మగ్గాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

చాప లోపలి గదికి మారింది. మామయ్య రోజూ కాసేపు మగ్గం ఆపి, "ఇగ చెప్పు బిడ్డా, ఏం సంగతి?" అంటూ మనవరాలి ముందు కూర్చుంటారు. చిన్ని తన భాషలో గట్టిగానే జవాబిస్తోంది.