బర్రె పొడవని గాయం

పత్తర్‌గట్టి వెనక గల్లీ ప్రజలకు ముఖ్య గమనిక. మన మూలమీది హోటల్లో సమోసా మళ్లీ చిన్నదైంది. అందరూ ధైర్యంగా ఉండవలసిందిగా కోరుతున్నాను.

ఇలాంటి వార్తలు పొద్దున పాలు పోస్తూ నేను మొదట వినిపించేది మా గల్లీ డాక్టరమ్మకే. మొన్న శుక్రవారం ఆమె నిద్రలోనే పోయింది. సమోసా సంగతి ఎవరికి చెప్పాలో తెలియక మీకు చెబుతున్నాను.

ఆమె జ్వరాలు చూసే డాక్టరు కాదు. మేడమీద చిన్న ల్యాబులో కూర్చుని, ఒంట్లోంచి తీసిన కణాలనూ కండ ముక్కలనూ మైక్రోస్కోపులో చూసి జబ్బు పేరు చెప్పేది. ఎక్కువగా ఆడవాళ్ల రొమ్ము గడ్డలు. నా జోకులకు "ఊఁ" అనేది, అంతే.

ఒకరోజు పాల క్యాను దించుతుంటే నా చొక్కా వైపు చూసింది.

"ఏందయ్యా ఆ మరక?"

"పాన్ మరకమ్మా."

"పాన్ నోట్లె ఏసుకుంటరు గదా. నువ్వు ఛాతిల ఏసుకున్నవా?"

చనుమొన నుంచి నెత్తురు వస్తోందని, వెనక చిన్న గడ్డ తగులుతోందని అప్పుడు చెప్పాను. "మగోన్ని, నాకేమైతదమ్మా" అని కూడా అన్నాను.

"మగోల్లకు గూడ అయితది. తక్కువ మందికి అయితదని ఎవ్వరు చూపిచ్చుకోరు."

సన్నటి సూదితో కణాలు తీసి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి చూసింది. అనుమానంగా ఉన్నాయి, ముక్క తీయించాలంది. నేను లొల్లి పెట్టాను. "సూదితోని చూసినవ్ గదమ్మా, మళ్ల ముక్కెందుకు?"

"బజార్ల తిరిగేటోన్ని చూసి దొంగ లెక్కున్నడు అనుకుంటం. ఎవలింట్ల దూరిండో తెల్వాల్నంటే గల్లీలకు పోయి చూడాలె. కణం మనిషి, ముక్క గల్లీ."

ముక్క వచ్చాక నన్నూ చూడమంది. ఊదా, గులాబీ రంగుల్లో సన్నటి రెమ్మలు. "కొత్తిమీర కట్ట లెక్కుందమ్మా" అన్నాను. ఆమె పకపకా నవ్వింది. అది క్యాన్సరే, మగవాళ్లలో ఎప్పుడో గానీ కనబడని రకం. "దొంగ పాలగొట్టంలనే ఉన్నడు, గోడ దాటలే. ఆపరేషన్ చేపిచ్చుకో, బతుకుతవ్" అంది.

నా భార్య ఎప్పుడో పోయింది, ఇంట్లో నేనొక్కణ్ణే. గల్లీలో ఎవరికీ చెప్పలేదు. అందరినీ ఆటపట్టించేవాణ్ణి, ఆడవాళ్ల జబ్బు వచ్చిందంటే నన్ను వదులుతారా? ఆపరేషనయ్యాక ఛాతీ మీది కట్టు చూసి అడిగితే, బర్రె పొడిచిందన్నాను. జనం నమ్మి బర్రెను తిట్టారు. నిజం తెలిసింది ఆమె ఒక్కదానికే. ఆస్పత్రిలో ఆడవాళ్ల వరసలో కూర్చుని వచ్చిన రోజు, "బర్రె ఏమంటుందయ్యా?" అని అడిగేది. "సల్లగున్నదమ్మా" అనేవాణ్ణి. ఆ ఒక్క ప్రశ్న కోసమే మెట్లెక్కేవాణ్ణి.

మొన్న ఆమెను చివరిసారి తీసుకెళ్లేటప్పుడు నా మొహం చూసి హోటలతను, "గిరాకి పోయిందని ఫికరా అన్నా?" అన్నాడు. అవునన్నాను.

వచ్చే నెల మళ్లీ పరీక్ష ఉంది. తిరిగొచ్చాక అడిగే మనిషి లేదు. అందుకే ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాను. నవ్వుకోండి. మరక కనబడితే మాత్రం చూపించుకోండి.

ఇక నేను కల్పించినవి. బర్రె ఏ పాపం ఎరగదు. కణం మనిషి, ముక్క గల్లీ అన్న మాట ఆమెదే, నేనేమీ కలపలేదు. కానీ కొత్తిమీర అనగానే ఆమె నవ్విందని రాశాను, అది అబద్ధం. ఆమె నవ్వలేదు. తన కుర్చీ జరుపుకుని నా పక్కన కూర్చుంది. కింద బజారులో బేరాలు సాగుతున్నాయి. నేను మైక్రోస్కోపు మీంచి కన్ను తీయలేదు. ఆమె తీయమనలేదు.