ఆవగింజంత పువ్వు

అరవైల చివర్లో, సాలూరు కొండల నుంచి ఒక లారీ డ్రైవరు తెచ్చిచ్చిన చిట్టి ఆర్కిడ్ మొక్కల కోసం, విజయనగరంలోని మా అద్దె ఇంట్లో చల్లగా ఉండే ఒకే ఒక్క గదిని ఖాళీ చేయించాను. మిఠాయి కొట్టువాడు పారేసిన అద్దాల పెట్టెలో నాచు పరిచి వాటిని పెట్టాను. చుట్టూ తడి గోనెపట్టాలు కట్టి, ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానునూ అటే తిప్పాను. నెలలు నిండిన నా భార్య మంచం వంటింట్లోకి మారింది. అవి మే నెల ఎండలు.

ఆమెను చూడడానికి వచ్చిన వాళ్ల అన్న, "ఏటి బావా, మా సెల్లి ఉడికిపోతంటే గడ్డికి ఫేనెట్టినావా?" అన్నాడు. అది గడ్డి కాదని, కొండ చలికి అలవాటుపడిన సుకుమారమైన జాతి అని అతనికి పెద్ద పాఠమే చెప్పాను. పక్కనే గోడకు ఆనుకుని విసనకర్రతో విసురుకుంటున్న మనిషి ఏ జాతో నాకు తట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఆవగింజంత పువ్వు విచ్చింది. చూద్దువుగాని రమ్మని భార్యను పిలిచాను. ఆమె వచ్చి, పెట్టె వైపు చూడకుండానే చల్లటి గచ్చు మీద ఒరిగి నిద్రపోయింది. సాయంత్రానికి పువ్వు వాడిపోతుందేమోనని తట్టి లేపాను.

ఆమె లేచి చూసింది. "బాగుందండి. ఇంక కాసేపిక్కడే తొంగోనా?" అని అడిగింది.

పెద్ద మనసు చేసుకుని ఒప్పుకున్నాను.